రిజిస్టరులో ఊరు

బాల్కొండ ఖిల్లా కింది వాడల్లో జూన్ నెల వచ్చిందంటే రెండు మాటలు వినిపిస్తాయి. వాన ఎప్పుడు పడుతుంది? పిల్లకు ఎంత ర్యాంకు వచ్చింది? ర్యాంకు తెలిశాక మూడో మాట వస్తుంది. దాన్ని మాత్రం గొంతు తగ్గించి అడుగుతారు: "లోకలేనా?"

మా ప్రాంతంలో ఆ మాటకు జవాబు అంత తేలిక కాదు. ఇక్కడి వాడల్లో గల్ఫ్‌కు పోయినవాళ్లు లేని వాడ దొరకదు. బోధన్ దాటితే, బాసర దాటితే మహారాష్ట్ర. పిల్లనిచ్చేదీ తెచ్చుకునేదీ అటూ ఇటూ నడుస్తూనే ఉంటుంది. ఇల్లు ఒక రాష్ట్రంలో, బడి ఇంకో రాష్ట్రంలో, తండ్రి సంపాదన వేరే దేశంలో ఉన్న పిల్లలు మాకు కొత్త కాదు.

కింది సంవాదంలోని ఇద్దరూ ఫలానా మనుషులు కారు. ఏటా అడ్మిషన్ల కాలంలో మా అరుగుల మీద వినే మాటలను ఇద్దరి నోట పెట్టాను. తాత బోధన్ శక్కర్‌నగర్‌లో, నిజాం షుగర్ ఫ్యాక్టరీ క్వార్టర్లలో పెరిగి, ప్రభుత్వ జూనియర్ కాలేజీలో సివిక్స్ చెప్పి రిటైరైనవాడు. అమ్మాయి బాల్కొండలో పుట్టింది, ఎనిమిదో తరగతి దాకా ఇక్కడే చదివింది. తల్లి పోయింది. తండ్రి దుబాయిలో ఉన్నాడు. తొమ్మిది నుంచి పన్నెండు దాకా ధర్మాబాద్‌లో మేనమామ ఇంట్లో ఉండి చదువుకుంది.

అమ్మాయి: తాతా, ఫారం నింపుకుంట ఒక గడి కాడ ఆగిపోయిన. "లోకల్ ఏరియా" అని ఉన్నది. ఉస్మానియా అని పెడితే నాలుగేండ్ల స్టడీ సర్టిఫికెట్లు అడుగుతున్నది. నా కాడ ఉన్నయన్ని మహారాష్ట్రవే. నాన్ లోకల్ అని పెట్టనీకి చెయ్యి వస్తలేదు. ఈ ఇంట్ల పుట్టినదాన్ని, నేను నాన్ లోకల్ ఎట్లయిత?

తాత: నువ్వు ఈ ఊరిదానివి కావని ఆ గడి అంటలేదు బిడ్డా. ఎక్కడ సదివినవని అడుగుతున్నది. ఆ రెండూ ఒకటి కావు.

అమ్మాయి: నాకైతే ఒకటే అయినయి గద! నూటికి 85 సీట్లు లోకల్ వాళ్లకు. నా ర్యాంకు నాచుపల్లి జేఎన్‌టీయూకు సరిపోతదేమో అనుకున్న. లోకల్ కాదంటే మిగిలిన పదిహేనుల వెతుక్కోవాలె. ఫీజు రీయింబర్స్‌మెంటు సంగతి మల్ల వేరే. మా బాపు పంపే పైసలు అప్పు మిత్తికే సాలవు.

తాత: రూలు ఎందుకు పుట్టిందో ముందు ఇను, తర్వాత తిట్టు. నిజాం కాలంలనే ముల్కీ అని ఒకటి ఉండె. హైదరాబాద్ రాజ్యంల పుట్టాలె, లేకుంటే పదిహేనేండ్లు ఇక్కడ్నే కాపురముండి, మల్ల వెనకకు పోనని రాసియ్యాలె. అప్పుడే సర్కారు నౌకరీ. గని బయటినుంచి వచ్చినోళ్లు దొంగ ముల్కీ సర్టిఫికెట్లు తెచ్చుకున్నరు. 1952ల పిల్లలు రోడ్డెక్కిండ్రు, హైదరాబాద్ సిటీ కాలేజీ కాడ కాల్పులైనయి. 1969ల మల్ల లేచిండ్రు. 1972 అక్టోబర్‌ల సుప్రీంకోర్టు ముల్కీ రూల్సు చెల్లుతయని చెప్తే, అటు ఆంధ్రల జై ఆంధ్ర ఉద్యమం లేచింది. ఆ రెండు మంటల నడుమ 1973 సెప్టెంబర్ 21న ఆరు సూత్రాల పథకం వచ్చింది. దాన్ని పట్టుకొని 32వ సవరణ చేసి, రాజ్యాంగంల 371డి అధికరణం పెట్టిండ్రు. 1974ల అడ్మిషన్ల మీద రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. అప్పట్ల రాష్ట్రంల మూడు లోకల్ ఏరియాలు: ఉస్మానియా, ఆంధ్రా, శ్రీవేంకటేశ్వర. 85 శాతం లెక్క అప్పటిదే.

అమ్మాయి: అదంత పుస్తకాలల్ల సదివిన తాతా. నేనేమన్న దొంగ సర్టిఫికెట్ తెచ్చిన్నా?

తాత: నువ్వు తేలేదు. గని నీ రూలుల ఉన్న గొప్పతనం ఒకటి సూడు. ముల్కీ ఏం అడిగింది? పుట్టుక, పదిహేనేండ్ల కాపురం. అది తాసీల్దారు సంతకంతోటి తయారయ్యే కాగితం. 1974 ఉత్తర్వు అది పక్కకు పెట్టి, పిల్ల సొంత సదువును అడిగింది. పరీక్ష రాసిన ఏడాదితోటి కలిపి వరుసగ నాలుగేండ్లు ఏ ఏరియాల సదివితే ఆ ఏరియా లోకల్. మీ నాయిన ఎవరు, మీ తాతకు భూమి ఉన్నదా, పటేలుకు తెలిసినోడా అని అడుగలే. శక్కర్‌నగర్ క్వార్టర్ల మా పక్కింట్ల ఉన్నోళ్లు యాడికెళ్లో వచ్చినోళ్లు. ఫ్యాక్టరీల మిషన్ల కాడ పనిచేసేటోళ్లు. వాళ్ల పిలగాడు బోధన్‌ల సదివిండు, లోకల్ అయిండు. ముల్కీ లెక్కన అయితే పదిహేనేండ్ల కాపురం నిండేదాక ఆ పిలగాడు ఈ ఊరోడు కాకపోవు. తండ్రి నీడ పడకుంట పిల్లను పిల్లగ సూసిన రూలు ఇది.

అమ్మాయి: నన్ను నన్నుగ సూసిందంటవు. నేను ధర్మాబాద్‌కు నా ఇష్టంతోటి పోలే తాతా. అమ్మ సచ్చిపోయినప్పుడు నాకు పదమూడేండ్లు. అవ్వకు కండ్లు కనబడవు. బాపు వస్తే కొలువు పోతది, కొలువు పోతే అప్పు తీరది. మామ వచ్చి తీసుకపోయిండు. పదమూడేండ్ల పిల్ల ఏ బడికి పోవాల్నో పెద్దలు జెప్తరు. తండ్రి నీడ పడకుంట సూస్తమని చెప్పి, తండ్రి బతుకు ఎటు నూకితే అటు పోయిన పిల్లకు శిక్ష వేసుడు ఏం న్యాయం?

తాత కొంచెంసేపు మాట్లాడలేదు. కళ్లద్దాలు తీసి పంచె కొసతో తుడుచుకున్నాడు.

తాత: శిక్ష అనకు. లెక్క అను. ఏ లెక్కకైన ఒక గీత ఉంటది, గీతకు అవతల ఎవరో ఒకరు మిగులుతరు. గీత జరిపితే మిగిలేటోళ్లు మారుతరు, అంతే. 2014ల ఇంకో గీత గీసి సూసిండ్రు. ఫీజు రీయింబర్స్‌మెంటు జాగల ఫాస్ట్ అని పథకం తెచ్చి, 1956 నవంబర్ 1 కన్న ముందునుంచి ఇక్కడున్న కుటుంబాల పిల్లలకే సాయమన్నరు. ఇది తాతల లెక్క. హైకోర్టు ప్రశ్నించింది. మరుసటేడు సర్కారే వెనకకు తీసుకున్నది. అగో, అప్పుడు మల్ల ఈ నాలుగేండ్ల లెక్కే దిక్కయింది. ఎందుకంటే పేదోని ఇంట్ల 1956 కాగితం యాడుంటది? బడి రిజిస్టరుల పేరైతే ఉంటది.

అమ్మాయి: తాతల లెక్క నేను అడుగుతలేను. నా లెక్కే సూడమంటున్న. ఎనిమిదేండ్లు ఇక్కడి బడిల సదివిన, నాలుగేండ్లు అక్కడ. ఎనిమిది పెద్దదా, నాలుగు పెద్దదా? పోనీ, అటు మహారాష్ట్రోళ్లు నన్ను తమదాన్నంటరా? డామిసైల్ సర్టిఫికెట్ కావాల్నంటే పదిహేనేండ్ల కాపురం చూపియ్యమంటరు. నువ్వు చెప్పిన ముల్కీ లెక్కే. అంటే గోదారికి ఈ ఒడ్డునా కాను, ఆ ఒడ్డునా కాను. మా పెద్దమ్మ కొడుకు టెక్సస్‌ల ఉన్నడు. ఆడ కూడ ఇదే పంచాది అని చెప్పిండు. రాష్ట్రం పిల్లలకు ఒక ఫీజు, బయటి పిల్లలకు దానికి కొన్ని రెట్లు. గని అక్కడ ఒక దారి ఉన్నదంట. తల్లిదండ్రుల మీద ఆధారపడని పిల్ల పన్నెండు నెలలు ఆడనే కాపురముండి, సొంతంగ కష్టం చేసుకొని బతుకుతున్నట్టు చూపిస్తే ఆ రాష్ట్రం పిల్లే అయితది. కాలిఫోర్నియాల 366 రోజులంట. నాకు ఇప్పుడు పద్దెనిమిది నిండినయి. ఓటు బాల్కొండల్నే వచ్చింది. ఈ ఊర్లె ఉంట, ట్యూషన్లు చెప్పుకుంట బతుకుత. నాకట్ల ఒక సందు ఎందుకు లేదు?

తాత: ఆ దారి పూర్తిగ చెప్పిండా నీ అన్న? తల్లిదండ్రుల మీద ఆధారపడ్డ పిల్లకు వాళ్ల ఊరే ఊరు. అంటే మీ బాపు దుబాయిల ఉంటే నువ్వు దుబాయిదానివి. కాలిఫోర్నియాల ఇరవై నాలుగేండ్లు నిండనోళ్లు, తల్లిదండ్రులు ఆ రాష్ట్రంల లేకపోతే, సొంత కాళ్ల మీద నిలబడ్డట్టు రుజువు చేసుకోవాలె. టాక్సు కాగితం, కిరాయి అగ్రిమెంటు, బ్యాంకు లెక్క, డ్రైవింగ్ లైసెన్సు, అన్ని చూపియ్యాలె. నువ్వు చెప్పే ట్యూషన్లకు రశీదు ఇస్తరా? ఇంకో మాట. ఇక్కడికెళ్లి ఎఫ్-1 వీసా మీద పోయిన మన పిల్లలు ఎన్నేండ్లున్నా ఆ రాష్ట్రం మనుషులు కారు. టెక్సస్‌ల వాళ్లకు దొరికేదల్లా, పోటీల గెలిచిన వెయ్యి డాలర్ల స్కాలర్‌షిప్పో, యూనివర్సిటీల సగం పూట టీచింగ్ కొలువో ఉంటే తక్కువ ఫీజు. కాగితాలున్నోనికి దారి, లేనోనికి గోడ. మన రూలుకు కావల్సింది ఒక్క బోనఫైడ్. ఏ బడిపంతులైన రాసిస్తడు.

అమ్మాయి: కాగితం కష్టమే. గని కాగితం పెట్టి మాట్లాడే జాగ అన్న ఉన్నది గద. నాకు ఆ జాగే లేదు. నేను ఏం చెప్పినా "నాలుగేండ్లు ఉన్నయా, లేవా" అనే అడుగుతున్నది కంప్యూటరు. నా కత ఇననీకి ఒక మనిషి లేడు.

ఈ మాటకు తాత లేచి లోపలికి పోయాడు. నోట్సు రాసుకున్న పాత డైరీ ఒకటి పట్టుకొని వచ్చాడు. తన వాదాన్ని తానే దెబ్బతీసే మాట చెప్పబోతున్నాడని ఆయన ముఖం చూస్తే తెలుస్తోంది. ముప్పై ఏళ్లు సివిక్స్ చెప్పినవాడు ఎదుటివాడికి తెలియని మంచి పాయింటును దాచుకోడు.

తాత: నీ వైపు మాట నేనే చెప్త, ఇను. మనకు ఆరు సూత్రాలు వచ్చిన 1973లనే, జూన్‌ల అమెరికా సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. వ్లాండిస్ వర్సెస్ క్లైన్. కనెక్టికట్ రాష్ట్రంల ఒక రూలు ఉండె. దరఖాస్తు పెట్టే నాటికి బయటి మనిషివైతే, సదువు అయిపోయేదాక బయటి మనిషివే. ఆడనే ఇల్లు కట్టుకున్నా, పెండ్లి చేసుకున్నా సరే. అట్ల శాశ్వతంగ ముద్ర వేసి, కాదని రుజువు చేసుకునే అవకాశమే ఇయ్యకపోవుడు న్యాయం కాదని కోర్టు కొట్టేసింది. లోకల్‌కు తక్కువ ఫీజు పెట్టుడు తప్పని అనలే. పిల్ల మాట ఇనకపోవుడు తప్పన్నది.

అమ్మాయి: అగో! నేను చెప్పేది గదే!

తాత: ఆగు. మన దేశం సంగతి కూడ ఇను. 1955ల డి.పి. జోషి కేసు. ఇండోర్ మెడికల్ కాలేజీల మధ్యభారత్ వాళ్లకు క్యాపిటేషన్ ఫీజు లేదు, బయటోళ్లకు ఉన్నది. సుప్రీంకోర్టు చెల్లుతదన్నది. పుట్టిన జాగ వేరు, కాపురముండే జాగ వేరు, కాపురాన్ని బట్టి తేడా చెయ్యొచ్చన్నది. అంటే ఫీజుల లోకల్, నాన్ లోకల్ మన దేశంల పాత ముచ్చటే. ఇగ మొన్నటిది. 2024 జూలైల మెడికల్ సీట్లకు జీవో 33 వచ్చింది. నాలుగేండ్లు వరుసగ తెలంగాణల సదివితేనే లోకల్. హైకోర్టు, ఇక్కడ శాశ్వతంగ కాపురమున్నోళ్లను ఈ రూలుతోటి పక్కకు పెట్టొద్దు, వాళ్లెవరో తేల్చనీకి మార్గదర్శకాలు రాసుకో అన్నది. సర్కారు సుప్రీంకోర్టుకు పోయింది. 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు సర్కారు రూలునే నిలబెట్టింది. నాకు అది సరైన తీర్పే అనిపిస్తది.

అమ్మాయి: ఎందుకు తాతా?

తాత: ఎందుకంటే "శాశ్వత నివాసి" అనే మాటకు తలుపు తీస్తే ముందుగాల లోపలికి వచ్చేది నువ్వు కాదు. కారుల వచ్చేటోడు వస్తడు. పిల్లను లక్షలు పెట్టి వేరే రాష్ట్రంల కార్పొరేట్ కాలేజీల వేసి, ఇక్కడ ఫ్లాటు కాగితం చూపించి సీటు పట్టుకపోతడు. దానికి బలయ్యేది ఎవరు? మెండోరలనో, వేల్పూర్‌లనో సర్కారు బడిల సదివి, కాలేజీకి రోజూ బస్సుల పోయి వచ్చే పిల్ల. ఆమెకు ఉన్న ఒక్క ఆస్తి ఈ నాలుగేండ్లు. అది నేను ఎవ్వరికీ ఇయ్య, నీక్కూడ.

అమ్మాయి: ఆ పిల్ల నా ఎనిమిదో తరగతి దోస్తే అయి ఉంటది. ఆమెది గుంజుకుంటనని నేను అంటలేను. గని ఆ సుప్రీంకోర్టు కేసుల నువ్వు ఒక ముక్క చెప్పలే. నేను ఫోన్ల సదివిన. రూలుకు మినహాయింపులు ఇస్తమని సర్కారే ఒప్పుకున్నది. రాష్ట్ర ఉద్యోగులు, ఐఏఎస్, ఐపీఎస్‌లు, మిలట్రీల చేసినోళ్లు, కొలువు మీద బయటికి పోవాల్సొస్తే వాళ్ల పిల్లలు బయట సదివినా లోకలే. అవునా?

తాత: అవును.

అమ్మాయి: మరి ఆఫీసరుకు బదిలీ అయితే ఆయన బిడ్డది కష్టం. మా బాపుకు పొట్ట బదిలీ అయితే నాది కష్టం కాదా? ఆఫీసరు ఢిల్లీకి పోతే బిడ్డను ఎంట తీసుకపోతడు. మా బాపు దుబాయిల ఒక్క రూముల ఎనిమిది మందితోటి పంటడు. నన్ను ఎంట తీసుకపోయే వీసా ఆయన జీతానికి రాదు. ఎంట ఉన్న బిడ్డకు దారి ఉన్నది, ఇడిసిపెట్టిన బిడ్డకు లేదు.

ఇక్కడ సంవాదం ఆగింది. రోడ్డు మీద నాగపూర్ లారీల చప్పుడు తప్ప ఏమీ లేదు. తాత చాలాసేపటికి గొంతు విప్పాడు. ఇప్పుడు వాదం కన్నా ఆలోచన ఎక్కువగా ఉంది ఆ గొంతులో.

తాత: ఆఫీసరు బదిలీకి ఆర్డరు కాగితం ఉంటది బిడ్డా. సర్కారు తన రిజిస్టరుల తనే సూసుకుంటది. దొంగతనానికి సందు లేదు. అందుకే ఆ మినహాయింపు ఇయ్యగలిగిండ్రు. గల్ఫ్‌కు పోయినోడు ఎవరు, పోయినట్టు నటించేటోడు ఎవరు, ఎట్ల తేలుస్తవు?

అమ్మాయి: మా బాపు పదో తరగతి పాస్ కాలే. ఆయనది ఈసీఆర్ పాస్‌పోర్టు. దుబాయికి పోవాల్నంటే సర్కారు ఎమిగ్రేషన్ క్లియరెన్సు ఇయ్యాలె. ఏ రోజు ఏ కంపెనీకి పోతున్నడో సర్కారు లెక్కల ఉన్నది. ఆ లెక్క 1983 ఎమిగ్రేషన్ చట్టం కిందనే నడుస్తది. మా అమ్మ మరణ ధ్రువపత్రం గ్రామపంచాయితిల ఉన్నది. ఎనిమిదో తరగతి టీసీ బాల్కొండ బడిల ఉన్నది. నువ్వు రిజిస్టరునే నమ్ముతనంటివి. నా బతుకు మూడు రిజిస్టర్లల్ల రాసి ఉన్నది తాతా. ఆ మూడింటిని ఎవరు తెరుస్తరు?

తాత: ... అది నాకు తట్టలే.

అమ్మాయి: ఫ్లాటు కాగితమున్నోనికి ఈసీఆర్ పాస్‌పోర్టు ఉంటదా?

తాత: ఉండది. ఈసీఆర్ ముద్ర కొనుక్కునేది కాదు. పేదరికానికి సర్కారే వేసిన ముద్ర. నువ్వు చెప్పిన దాంట్ల దొంగతనానికి సందు శానా తక్కువ. ఇప్పుడు నా మాట కొంచెం మారుస్త, ఇను. నాలుగేండ్ల గీత ఉండాల్నంటనే ఇప్పటికీ. శాశ్వత నివాసం అనే తలుపు తీయొద్దంట. గని ఉద్యోగి బిడ్డకు ఇచ్చిన మినహాయింపును వలస కూలోని బిడ్డకు కూడ ఇయ్యాలె. ఎమిగ్రేషన్ క్లియరెన్సు మీద దేశం దాటినోడు, తల్లో తండ్రో లేని బిడ్డ, అంతకుముందు ఇక్కడ ఏడెనిమిదేండ్లు సదివినట్టు బడి కాగితం. మూడూ ఉంటే లోకల్. దీనికి రాజ్యాంగం మార్చే పని లేదు. ఉద్యోగులకు రాసిన చేతితోటే ఇంకో నాలుగు వాక్యాలు రాస్తే సాలు.

అమ్మాయి: ఎవరు రాస్తరు? మా బాపు అసొంటోళ్లకు సంఘం లేదు. ఉద్యోగులకు ఉన్నది.

తాత: ఉద్యోగులకు ఉన్నదనే వాళ్లది ముందుగాల వినపడ్డది. మనం అడిగేదాక మనది వినపడదు. నేను రాస్త. ఎమ్మెల్యేకు, విద్యాశాఖకు. గని ఈ ఏడు నీకు అది అందది. నీకు ఈ ఏడు కావల్సింది వేరే. ఆ పదిహేను శాతం సంగతి నువ్వు సరిగ్గ సదవలే. 2025 ఫిబ్రవరిల ఇంజనీరింగ్ రూల్సు మార్చిండ్రు. పక్క రాష్ట్రపోళ్లకు అండ్ల ఇగ జాగ లేదు. తల్లిదండ్రులల్ల ఒకరు మొత్తం మీద పదేండ్లు తెలంగాణల కాపురముంటే బిడ్డకు అందుల హక్కున్నది. బయట కొలువు చేసిన ఏండ్లు ఆ పదిల కలువవు, అంతే. మీ బాపు ఇరవై ఎనిమిదేండ్లు వచ్చేదాక ఈ వాడలనే ఉండె. అంటే నువ్వు నాన్ లోకల్ కాదు, అన్‌రిజర్వుడు. తాసీల్దారు కాడ నివాస ధ్రువపత్రం తీసుకోవాలె. మీసేవల దరఖాస్తు పెట్టు, రెవెన్యూ ఇన్‌స్పెక్టరు వచ్చి అడిగితే నేను సాక్ష్యం చెప్త. ఫీజు సంగతి వేరేగ అడగాలె, అది కూడ అడుగుదం.

అమ్మాయి: సాక్ష్యం కాగితం ఇప్పుడే రాసియ్యి తాతా. నేను కూడ పద్దెనిమిదేండ్లు ఈ ఇంట్లనే ఉన్ననని రాయి. ప్రతి ఎండకాలం సెలవులకు వచ్చిన గద.

తాత: అట్ల రాయ.

అమ్మాయి: ఎందుకు?

తాత: ఇంతసేపు నేను దొంగ సర్టిఫికెట్ల మీదనే మాట్లాడిన బిడ్డా. నేను చూసినన్ని ఏండ్లే రాస్త.

తాత తెల్లకాగితం తీసుకొని రాయడం మొదలుపెట్టాడు. తండ్రి పుట్టిన వాడ, తండ్రి చదివిన బడి, ఖిల్లా కింది ఇల్లు, ఆయన ఊళ్లో ఉన్న ఏళ్లు, దేశం దాటిన ఏడు. తర్వాత అమ్మాయి పుట్టిన ఏడు, ఎనిమిదో తరగతి టీసీ తీసుకున్న నెల. అక్కడ కలం ఆగింది. ఆ తర్వాతి నాలుగేళ్లకు ఒక వాక్యం రాశాడు: తల్లి చనిపోయి, తండ్రి గల్ఫ్‌లో ఉండడం వల్ల ఈ అమ్మాయి ధర్మాబాద్‌లో మేనమామ ఇంట్లో చదువుకుంది.

అమ్మాయి ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివింది. తర్వాత ఫారం తిరగేసి, ముందూ వెనకా చూసింది. ఆ వాక్యం రాయడానికి అందులో ఎక్కడా గడి లేదు. తాత రాసిన కాగితాన్ని ఫారం వెనక పెట్టి పిన్ను కొట్టింది.